అలసిన లోహము - జైరోకాప్టరు పరీక్ష

రైలు ప్రయాణము చేసిన పెద్దలకు ఒక దృశ్యము జ్ఞాపకముండును. పెద్ద స్టేషనులో బండి ఆగినంతనే ఒక పనివాడు పొడవైన పిడిగల సుత్తిని చేతబట్టుకొని, పెట్టె వెంబడి పెట్టెగా నడచుచు, ప్రతి చక్రమును ఒక్కొక్క దెబ్బ కొట్టుచు పోవుచుండెడివాడు. పిల్లలకు అది వేడుక. అతనికి మాత్రము అది పరీక్ష. ఖంగున మ్రోగిన చక్రము మంచిది. మ్రోత జీరపోయినట్లు వినిపించినచో ఆ చక్రములో ఎక్కడనో పగులున్నదని అతడు గ్రహించెడివాడు. సంతలో కుండ కొనబోవు ఇల్లాలు వ్రేలికణుపుతో తట్టి చూచుట కూడ ఈ శాస్త్రమే.

చెవితో పగులును పట్టుట చాల పాత విద్య. కాని అన్ని పగుళ్లును చెవికి చిక్కవు. కొన్ని కంటికిని చిక్కవు. వెంట్రుకకన్న సన్నని పగులు ఒక బోల్టు తల క్రింద దాగియుండి ఒక మనుష్యుని ప్రాణమును తన చేతిలో పెట్టుకొని యుండవచ్చును. అట్టి పగుళ్లను వెదకు పద్ధతులను గూర్చి ఈ ప్రసంగములో చెప్పదలచితిని. ఉదాహరణకు జైరోకాప్టరు అను చిన్న విమానమును తీసికొందును. పెద్ద విమానములలో ఒక భాగము విరిగినచో దాని భారమును మోయుటకు ప్రక్కన మరియొక భాగమును సాధారణముగా ఏర్పరచియుందురు. జైరోకాప్టరులో అట్టి తోడు చాల చోట్ల లేదు. పరీక్ష చేయువాని కన్నే ఆ తోడు.

జైరోకాప్టరును మొదటిసారి చూచినవారు దానిని హెలికాప్టరని భ్రమపడుట సహజము. రెండింటికిని తలపై తిరుగు రెక్కలున్నవి. భేదమేమనగా, హెలికాప్టరులో ఆ రెక్కలను ఇంజను త్రిప్పును. జైరోకాప్టరులో ఇంజను ఒక ప్రొపెల్లరును మాత్రమే త్రిప్పి యంత్రమును ముందుకు నడుపును. తలపైనున్న రెక్కలను, అనగా రోటరును, గాలియే త్రిప్పును. రోటరు కొంచెము వెనుకకు వాలియుండుటచేత గాలి క్రిందినుండి దాని గుండా పైకి పోవుచు దానిని ఆగనీయక త్రిప్పుచుండును. నేలపై బయలుదేరునపుడు మాత్రము చాల యంత్రములలో ఇంజను సాయముతో దానిని కొంతసేపు త్రిప్పి విడుతురు. మాధవీలత కాయ మూడు రెక్కలతో గిరగిర తిరుగుచు నేలకు దిగుట మనలో పలువురు చూచినదే. ఇంజను ఆగిన జైరోకాప్టరు కూడ ఇంచుమించు ఆ రీతిగనే దిగును. ఇంజను ఆగినను రోటరు ఆగదు.

ఈ యంత్రమును కనిపెట్టినవాడు స్పెయిను దేశస్థుడైన హువాన్ డి లా సియెర్వా. 1919లో ఆతడు నిర్మించిన మూడు ఇంజనుల విమానము గాలిలో వేగము చాలక కూలిపోయెను. వేగము తగ్గినను కూలని విమానమును నిర్మింపవలెనని ఆతడు అప్పటినుండి పట్టుదల వహించెను. తొలి ప్రయత్నములు ఫలింపలేదు. యంత్రము ముందుకు సాగునపుడు, గాలికి ఎదురుగా వచ్చు రెక్కకు ఎత్తుబలము హెచ్చుగను, గాలితో పాటు వెనుకకు పోవు రెక్కకు తక్కువగను కలుగుచుండెను. ఆ కారణమున యంత్రము ప్రక్కకు ఒరిగి పడిపోయెడిది. కాని అదే కొలతలతో పేము బద్దలు అమర్చి చేసిన చిన్న నమూనా మాత్రము చక్కగా ఎగిరెను. పేము వంగును, గట్టి రెక్క వంగదు. రహస్యమంతయు అందే యున్నదని సియెర్వా గ్రహించెను. రెక్క మొదట ఒక కీలు అమర్చి, రెక్కను పైకిని క్రిందికిని స్వేచ్ఛగా ఆడనిచ్చెను. 1923 జనవరి నెలలో మాడ్రిడు నగర సమీపమున గెటాఫే మైదానములో ఆతని ఆటోజైరో గాలిలోనికి లేచెను.

ఇంతవరకు విజయగాథ. మన ప్రసంగమునకు ముఖ్యమైనది దీని తరువాతి అధ్యాయము. 1925లో ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో ఫ్రాంక్ కోర్ట్నీ అను వైమానికుడు ఆటోజైరోను అధికారుల యెదుట నడిపి చూపెను. మరుసటి సంవత్సరము ఇంగ్లండులోనే ఒక సంస్థ ఏర్పడెను. 1927 ఫిబ్రవరిలో హాంబుల్ అను చోట అదే కోర్ట్నీ మరియొక ఆటోజైరోను నడుపుచుండగా రోటరు రెక్క ఒకటి మొదలంట విరిగి ఊడిపోయెను. యంత్రము నేలగూలెను. కోర్ట్నీ గాయములతో బ్రతికి బయటపడెను.

రెక్క ఎందుచేత విరిగినది? చేతులు చాచి గిరగిర తిరుగుచున్న పిల్లవాడు చేతులను దగ్గరకు తీసికొన్నచో అతని వేగము హెచ్చును. మరల చాచినచో తగ్గును. రెక్క కీలుపై పైకి లేచినపుడు దాని బరువు మధ్యస్తంభమునకు కొంచెము దగ్గరగును. అది వేగము పుంజుకొని ముందుకు పోజూచును. క్రిందికి దిగినపుడు వెనుకబడజూచును. రోటరు తిరుగు ప్రతి చుట్టునందును ఈ ముందువెనుకల గుంజులాట జరుగుచునే యుండును. సియెర్వా పెట్టిన కీలు పైకి క్రిందికి మాత్రమే ఆడును. ముందుకు వెనుకకు ఆడుటకు వీలు లేకపోవుటచేత ఆ గుంజులాటనంతను రెక్క మొదలు భరింపవలసి వచ్చెను. కొంతకాలము భరించెను. పిమ్మట విరిగెను. ఈ ప్రమాదము తరువాత సియెర్వా రెక్క మొదట రెండవ కీలును కూడ అమర్చెను. ఈనాటికిని మూడు, నాలుగు రెక్కలుగల హెలికాప్టరులనేకములలో ఈ రెండు కీళ్లును కనబడును.

ఇంతటి మేధావి 1936 డిసెంబరులో లండను సమీపమున క్రాయిడన్ విమానాశ్రయమునుండి పొగమంచులో బయలుదేరిన ఒక ప్రయాణీకుల విమానము కూలి మరణించెను. ఆతనిని బలిగొన్నది ఆటోజైరో కాదు, ఏ విమానములోని దోషమును తొలగింపవలెనని ఆతడు జీవితమంతయు శ్రమించెనో ఆ జాతి విమానమే.

తొలినాటి ఆటోజైరోలకు చిన్న స్థిరమైన రెక్కలు కూడ ఉండెడివి. యంత్రమును ప్రక్కలకు వాల్చుటకు ఆ రెక్కల అంచులనున్న పలకలే ఆధారము. 1930-35 సంవత్సరముల మధ్య సియెర్వా ఆ చిన్న రెక్కలను తీసివేసి, రోటరు శిరస్సునే ఏ దిక్కునకు కావలసిన ఆ దిక్కునకు వాల్చు ఏర్పాటు చేసెను. సి-30 అను నమూనాలో రోటరు శిరస్సునుండి ఒక దండము నేరుగా వైమానికుని చేతిలోనికి వ్రేలాడుచుండెడిది. ఇది గొప్ప సౌలభ్యము. కాని దీనితో పాటు ఒక బాధ్యత కూడ వచ్చినది. అంతవరకు భారము మోయుట రోటరు పని, దారి మళ్లించుట పలకల పని. ఇప్పుడు రెండు పనులును రోటరు శిరస్సువే అయినవి.

1950 తరువాత ఈ విద్య సామాన్యుల చేతికి వచ్చినది. రష్యాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈగర్ బెన్సెన్, జర్మను జలాంతర్గాములు యుద్ధకాలమున తాటికి కట్టి ఎగురవేసిన రోటరు పటములవంటి వాటిని పరిశీలించి, తేలికైన జైరోకాప్టరులను రూపొందించెను. 1957లో ఎగిరిన బి-8ఎం అను నమూనా పటములను కొనుక్కొని ఎందరో ఔత్సాహికులు ఇంటి షెడ్డులలో అల్యూమినియపు గొట్టములను బోల్టులతో బిగించి జైరోకాప్టరులను తయారు చేసికొనిరి. 1967లో విడుదలయిన జేమ్స్ బాండు చిత్రములో 'లిటిల్ నెల్లీ' అను బుల్లి యంత్రము చాలమందికి జ్ఞాపకముండును. దానిని నిర్మించి నడిపినవాడు బ్రిటిషు వైమానికుడు కెన్ వాలిస్. నేడు యూరపు దేశములలో కర్మాగారములే వీనిని తయారు చేయుచున్నవి. అయినను సొంతముగా నిర్మించుకొని సొంతముగా పరీక్షించుకొను ఆచారము పోలేదు. అందుచే ఈ పరీక్షా విధానము తెలిసియుండుట యజమానులకు మరింత అవసరము.

ఇక నియంత్రణాంగముల సంగతి. వైమానికుని మోకాళ్ల నడుమ ఒక దండమున్నది. దాని మొదలు ఒక కీలుపై అమరియున్నది. అక్కడనుండి సాధారణముగా రెండు కడ్డీలు స్తంభము వెంట పైకి పోయి రోటరు శిరస్సునకు తగులుకొనును. దండమును ముందుకు నెట్టినచో శిరస్సు ముందుకు వాలును, ప్రక్కకు వంచినచో ప్రక్కకు వాలును. ప్రతి కడ్డీకి రెండు కొనల మర కోసి, అందు గుండ్రని బేరింగు గల చెవులు బిగింతురు. శిరస్సు తానే రెండు అడ్డుబోల్టులపై ఊగుచుండును. ఒకటి ముందువెనుకలకు, ఒకటి ప్రక్కలకు. ఆ పైన రోటరు. రెక్కలు రెండే యున్న యంత్రములలో అవి ఒక పట్టీకి బిగింపబడి, ఆ పట్టీ నడుమనున్న ఒక్క బోల్టుపై తక్కెడ దండె వలె ఊగుచుండును. కాళ్ల దగ్గర పెడళ్లున్నవి. అవి తీగత్రాళ్లతోనో కడ్డీతోనో తోకనున్న చుక్కానిని త్రిప్పును.

తక్కెడ బోల్టును గూర్చి ఒక మాట. మనిషి, ఇంజను, యంత్రము, అన్నింటి భారమును గాలిలో దీనిపైనే ఆధారపడి వ్రేలాడుచున్నది. అది ఊడినచో చేయదగిన దేమియు లేదు. హెలికాప్టరువారు తమ రోటరును పట్టియుంచు నట్టుకు ఏసుక్రీస్తు నట్టని హాస్యముగా పేరు పెట్టుకొనిరి. అది సడలినపుడు పిలువదగినవాడు ఆయన ఒక్కడే యని భావము. జైరోకాప్టరులో నియంత్రణ కడ్డీకొన చెవి కూడ దానికి తీసిపోదు. కడ్డీ తెగిన రోటరు తనకు తోచిన దిక్కునకు వాలును. దండము చేతిలోనే యుండును, కాని అది దేనినిని కదలింపదు.

లోహము ఎందుకు పగులును? ఇంట పటకారు లేనపుడు ఇనుపతీగను అటునిటు వంచి త్రుంచుట అందరకును తెలిసినదే. ఒక్కసారి లాగినచో తెగని తీగ పలుమారులు వంచినచో తెగును. దీనికి ఇంజనీర్లు లోహపు అలసట అని పేరు పెట్టిరి. ఈ అలసట సంగతి లోకమునకు తెలియవచ్చుటకు కారణము రైళ్లే. 1842 మే 8వ తేదీన ఫ్రాన్సులో వెర్సాయినుండి పారిసుకు వచ్చుచున్న బండి ఇంజను ఇరుసు విరిగి ఘోరప్రమాదము జరిగెను. పెట్టెలు మంటలలో చిక్కుకొని ఏబదిమందికి పైగా మరణించిరి. ఇరుసులోని ఇనుము వాడుకచేత క్రమముగా పలుకులుగా మారి పెళుసెక్కునని ఆ రోజులలో అనేకుల నమ్మకము. మరుసటి సంవత్సరమే స్కాట్లండు ఇంజనీరు రాంకిన్ విరిగిన ఇరుసులను పరిశీలించి, ఇనుము మారుట లేదనియు, ఇరుసు సన్నబడిన మూలవద్ద చిన్న పగులు పుట్టి లోపలికి ప్రాకుచున్నదనియు చూపెను. జర్మనీలో ఆగస్టు వోలర్ అను రైల్వే ఇంజనీరు ఇరుసులను యంత్రములపై లక్షలకొలది చుట్లు త్రిప్పి, ఎంత భారమునకు ఎన్ని చుట్లు భరించునో లెక్కలు కట్టెను. భారము ఒక మేరకు తగ్గించినచో ఇనుము ఎన్ని చుట్లయినను ఓర్చుకొనునని ఆతడు కనుగొనెను.

ఆ ఓర్పు ఉక్కుకు ఉన్నట్లు అల్యూమినియమునకు లేదు. భారము తక్కువైనను, చుట్లు మాత్రము తగినన్ని జరిగినచో అల్యూమినియము ఏనాటికైనను అలసిపోవును. తేలికదనమునకై మనము చెల్లించు మూల్యమిది. 1954లో రెండు కామెట్ జెట్ విమానములు మధ్యధరా సముద్రముపై గాలిలోనే విచ్ఛిన్నమైనపుడు ఫార్న్‌బరో శాస్త్రజ్ఞులు మరియొక కామెట్‌ను పెద్ద నీటితొట్టిలో దింపి, లోపలి పీడనమును పెంచుచు తగ్గించుచు పరీక్షించిరి. ఆకాశమున చేసిన ప్రయాణములు 1,221, తొట్టిలో చేయించినవి 1,836, మొత్తము 3,057 అయినంతనే దాని గోడ ఒక గవాక్షపు మూలనుండి చీలిపోయెను.

మూడువేల మాట అటుంచి, మన చిన్న జైరోకాప్టరు లెక్క చూతము. రోటరు నిమిషమునకు సుమారు 350 చుట్లు తిరుగుననుకొందము. రెక్కలు రెండు గనుక ప్రతి చుట్టునకు రెండేసి మారులు శిరస్సునకు అదురు తగులును. అనగా నిమిషమునకు 700, గంటకు 42,000. వంద గంటల ప్రయాణములో 42 లక్షలు. రెండువందల ఏబది గంటలు తిరుగునప్పటికి కోటి దాటును. వారాంతములలో సరదాకు ఎగురు యజమాని కొన్ని సంవత్సరములలో తన కడ్డీల చేత కోటిసార్లు ఈ బరువు మోయించుచున్నాడన్నమాట. కోర్ట్నీ ప్రమాదము తరువాత సియెర్వా పెట్టిన రెండవ కీలు ఈ రెండు రెక్కల యంత్రములలో లేదు. పట్టీ కొంచెము క్రిందుగా వ్రేలాడునట్లు అమర్చి గుంజులాటను చాలవరకు తగ్గింతురు. కాని బొత్తిగా పోగొట్టలేరు. మిగిలినది శిరస్సు, కడ్డీలు, దండముల మీదుగా వైమానికుని చేతికి వచ్చును. అందుచేతనే జైరోకాప్టరు దండము చేతిలో సన్నగా వణకుచుండును. ఆ వణకునకు ఒక వాడుక యున్నది. అలవాటుపడిన చేయి దానిలోని స్వల్పభేదమును గూడ గుర్తించును. నిన్నటికంటె నేడు అదురు హెచ్చినచో, కారణము తెలియనిదే మరల ఎగురరాదు.

ఇక పరీక్ష. క్రొత్తవారు చేయు మొదటి పని యంత్రమును శుభ్రముగా తుడుచుట. నా అభిప్రాయములో అది రెండవ పని కావలెను. తుడువకముందు చూడవలెను. దుమ్ము, జిడ్డు, మరక, ఇవన్నియు సాక్ష్యములే. బిగుతు తగ్గిన అల్యూమినియపు అతుకు దగ్గర రెండు లోహములు ఒరసికొని నల్లని పొడి రాలును. అది గాలివాలున పొగచారవలె అంటుకొని యుండును. ఉక్కు భాగమున పగులు ఏర్పడినచో అందుండి సన్నని త్రుప్పుచార ఏడ్చినట్లు కారును. బిగించిన రోజున నట్టుపైనుండి ప్రక్కలోహముపైకి గీచిన రంగుగీత ఇప్పుడు రెండు ముక్కలై ప్రక్కకు జరిగియున్నచో ఆ నట్టు తిరిగినదని యర్థము. ఒక్క గుడ్డతో ఈ సాక్ష్యములన్నింటిని తుడిచివేయవచ్చును.

చూచిన పిమ్మట జిడ్డుపోవునట్లు కడిగి, మంచి వెలుతురులో మరల చూడవలెను. టార్చిలైటును తిన్నగా వేయరాదు, ఏటవాలుగా వేయవలెను. నున్నని గోడపై దీపమును ప్రక్కనుండి చూపినపుడు ఎగుడుదిగుడులు బయటపడునట్లు, పగులు అంచు నీడ వేయును. పదిరెట్లు పెద్దదిగా చూపు భూతద్దము వలయును. వెనుకవైపు చూచుటకు చిన్న అద్దము పిడికి బిగించినది వలయును. వెదకవలసిన చోట్లు ఏవన, ఆకారము హఠాత్తుగా మారుచోట్లు. వెల్డింగు అతుకు అంచులు, బోల్టు రంధ్రముల చుట్టును, మరకోత ముగియుచోటు, పదునైన లోమూలలు, ఎవరో రెంచి జారి పెట్టిన గీత. రాంకిన్ నాటి ఇరుసువలెనే నేటి కడ్డీయు మూలలయందే విరుగును. రంగుపై కనబడు సన్నని గీత రంగుదే కావచ్చును, క్రింది లోహముదీ కావచ్చును. రంగు తీయనిదే చెప్పరాదు. మందముగా కాల్చి పూసిన పొడిరంగు మరింత మోసకారి. క్రింద లోహము పగిలినను అది సాగి పగులును కప్పియుంచగలదు.

తరువాత చేతిపరీక్ష. ఒకరు దండమును కదలకుండ పట్టుకొనవలెను, రెండవవారు పైన రోటరు శిరస్సును వాల్చి చూడవలెను. మధ్యలో ఎక్కడ ఆట యున్నదో వ్రేలితో తాకి కనుగొనవచ్చును. కడ్డీ కొన చెవులలోని బేరింగులు పట్టుపట్టకుండను, వదులుగా ఆడకుండను ఉండవలెను. ఈ బేరింగు త్రుప్పుపట్టి బిగిసికొన్నచో, తిరుగవలసిన చెవి తిరుగక వంగసాగును. లాగుటకును నెట్టుటకును మాత్రమే ఏర్పడిన మరకాడ ఈ వంపును కోటిమారులు భరింపజాలదు. కడ్డీకొన విరుగుటకు ఇది ముఖ్యకారణములలో నొకటి. రెండు చుక్కల నూనెయు, సకాలమున మార్పును దీనికి నివారణ. చెవి మర ఎంత లోతు దిగినదో చూచుటకు కొన్ని కడ్డీలలో చిన్న రంధ్రముండును. అందు సన్నని తీగ దూర్చి చూతురు. తీగ అడ్డములేక ఆవలికి పోయినచో మర చాలినంత దిగలేదన్నమాట. తిరుగాడు బోల్టులకు గాడులు గల నట్టును, అందు స్ప్లిట్ పిన్నును ఉండితీరవలెను. లోపల నైలాను పట్టీ గల నట్టు తిరుగాడని చోట మంచిదే, తిరుగాడుచోట మాత్రము దానిని నమ్మరాదు. బజారులో ఇనుపసామాను కొట్టులో దొరకు బోల్టు చూపునకు విమానపు బోల్టువలెనే యుండును, ధర పదియవ వంతుండును. ఈ ఆశకు లోబడరాదు.

చుక్కాని తీగత్రాడును చేతితో తడుమరాదు. తెగిన పోగు సూదివలె దిగును. గుడ్డతో చుట్టి పొడవునా లాగినచో, తెగిన పోగున్నచోట గుడ్డ తగుల్కొనును. కప్పీలపై వంగుచోట్ల ఈ పరీక్ష ముఖ్యము.

అనుమానము తీరనిచో రంగునీటి పరీక్ష చేయవలెను. ఇది చాల చమత్కారమైనది. భాగమును విప్పి, రంగును రసాయనముతో కరగించి తీసి, జిడ్డు లేకుండ కడిగి, ఎర్రని పలుచని ద్రవము పూయుదురు. ఆ ద్రవము ఎంతటి సన్నని సందులోనికైనను తానుగా ఈడ్చుకొనిపోవును. తగిన సమయము గడచిన పిమ్మట పైనున్నదంతయు తుడిచి, తెల్లని సుద్దవంటి పూత చల్లుదురు. పగులున్నచో అందు దాగిన ఎరుపు తెల్లపూతలోనికి ఊరి గీతగా కనబడును. సున్నము వేసిన గోడపై లోపలి చెమ్మ మరకగా బయటపడుట వంటిదే. ఒక జాగ్రత్త కలదు. రంగు తీయుటకు ఉప్పుకాగితముతో రుద్దుట, ఇసుక చిమ్ముట పనికిరావు. మెత్తని లోహము పగులు నోటిపైకి ప్రాకి దానిని మూసివేయును. అప్పుడు ద్రవము లోనికి పోదు, పగులు లేదని మనము సంతోషింతుము. ఉక్కు భాగములకు అయస్కాంత పరీక్ష కలదు. భాగమును అయస్కాంతముగా మార్చి సన్నని ఇనుపరజను చల్లినచో, రజను పగులు వెంబడి వరుసకట్టును. అల్యూమినియమునకు ఇది పనికిరాదు. బోల్టు రంధ్రముల లోపలిభాగమును విద్యుత్‌ప్రవాహముల సాయముతో పరీక్షించు సాధనములును గలవు, కాని వానిని వాడుటకు తర్ఫీదు కావలెను.

యంత్రము ఎగురునప్పుడే అలయునని అనుకొనరాదు. రెక్కలు విప్పకుండ ట్రెయిలరుపై ఎక్కించి గతుకులబాటను తీసికొనిపోవునపుడు రెక్కల బరువు స్తంభమును, శిరస్సును ఊపివేయుచుండును. ఆ గంటలు లెక్కపుస్తకమున ఎక్కవు. నేలపై రోటరు నెమ్మదించు సమయమున ఈదురుగాలి కొట్టినచో రెక్కలు ఎగిరిపడి శిరస్సు తన అడ్డుకట్టలను దబదబ మోదుకొనును. దండమును గట్టిగా పట్టుకొని, రోటరు ఆగినంతనే రెక్కలను కట్టివేయవలెను. రెక్క కొన నేలకు తగిలినచో, పైకి ఏ సొట్టయు కనబడకున్నను, రెక్కలు, పట్టీ, తక్కెడ బోల్టు, శిరస్సు, స్తంభము, కడ్డీలు అన్నియు అనుమానితములే. ఒక్కదానిని మార్చి మిగిలినవి బాగున్నవనుకొనుట తగదు.

విరిగిన భాగము దొరికినపుడు దాని ముఖమును పారవేయక చూడవలెను. అలసి విరిగిన లోహపు ముఖమున కొంతమేర నున్నగా, ఆల్చిప్పపై వలె చారలు చారలుగా ఉండును. అది పగులు మెల్లగా ప్రాకిన దారి. మిగిలిన కొంచెము గరుకుగా ఉండును. అది చివరి క్షణమున ఒక్కుమ్మడి తెగిన భాగము. నున్నని భాగము ఎంత పెద్దదో, అంతకాలము ఆ పగులు ఎవరైనను చూతురేమో యని వేచియున్నదన్నమాట. భూతద్దముతో ఆ చారలను చూచినవారు తమ పరీక్షల నడుమ గడువును తామే తగ్గించుకొందురు.

బ్రిటిషు విమానరంగమున ఒక మంచి నియమము కలదు. నియంత్రణాంగములలో దేనినైనను విప్పి బిగించినచో, బిగించినవాడు పరీక్షించి సంతకము పెట్టిన పిమ్మట, రెండవవాడు వేరుగా, మొదటివాని మాటను బట్టి కాక తన కంటితో మొదటినుండి పరీక్షించి సంతకము పెట్టవలెను. ఇంటి షెడ్డులో ఒంటరిగా పనిచేసికొను ఔత్సాహికునకు ఇది కొంత కష్టమే. తన చేతిపనిలో తప్పు వెదకుమని మరియొకరిని పిలుచుట అభిమానమునకు అడ్డువచ్చును. కాని బిగించిన చేయి బిగించితిననియే తలచును. స్ప్లిట్ పిన్ను పెట్టవలెనని అనుకొన్న మనస్సు పెట్టినట్లే చూచును. అనుమానము క్రొత్త కంటికే సులభము. ఆ స్నేహితునికి విమానవిద్య అంతగా రాకున్నను, ప్రతి నట్టు దగ్గరను పిన్ను ఏదని అడుగగలిగినచో చాలును.

పగులు కనబడిన నియంత్రణ భాగమును బాగుచేయు ప్రయత్నము చేయరాదు. పగులు కొన రంధ్రము వేసి ప్రాకకుండ ఆపుట రేకుపనిలో కొన్నిచోట్ల ఒప్పుకొందురు; ఇక్కడ ఒప్పుకొనరు. పైన వెల్డింగు చేసినచో ఆ వేడికి ప్రక్కలోహము బలము తగ్గి, క్రొత్త పగులు అతుకు అంచున పుట్టును. దానిని తీసివేసి క్రొత్తది అమర్చవలెను, తీసిన తేదీని, గంటలను, పగులున్న చోటును పుస్తకమున వ్రాయవలెను. తీసిన కడ్డీని మూల నిలబెట్టియుంచరాదు. రెండు సంవత్సరముల తరువాత ఎవరో వచ్చి, రంగు బాగున్నదని, వేరొక యంత్రమునకు తీసికొనిపోవుదురు. పాతపనివారు ఆ సాయంకాలమే దానిని రంపముతో రెండుగా కోసి, ముక్కలను వేరువేరు డబ్బాలలో వేయుదురు.